ఒకరి భారం ఒకరు, ఎవరి బరువు వారు



ఈ నెల మేము వ్రాయబోయే విషయం ప్రసంగవేదిక మీద సాధారణంగా వినబడేది కాదు. అది మోటారు వాహనాల బీమా సంగతి. "పాస్టరు గారికి ఈ లెక్కలెందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఒకప్పుడు మేము కూడా అలాగే అనుకున్నాము. కాని ఈ విషయంలో మేమిచ్చిన ఒక సలహా వలన మా సంఘములోని ఒక కుటుంబం అప్పులపాలయింది. ఆ సంగతి దాచిపెట్టకుండా మీ ముందుంచితే మరొక కుటుంబమైనా తప్పించుకుంటుందని తలంచి ఇది వ్రాస్తున్నాము.

పధ్నాలుగేళ్ళు నడిపినా బోనస్ సున్నా

రెండు సంవత్సరాల క్రిందట ఒక బుధవారం సాయంకాల ప్రార్థన ముగిశాక ఒక సహోదరుడు కాగితాల సంచి చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పధ్నాలుగేళ్ళుగా ఇతరుల లారీలు, కార్లు నడిపి సంసారాన్ని ఈదుకొస్తున్న మనిషి. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో మూడేళ్ళు నిండిన ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఇంజను 1,200 సీసీ. పాత పాలసీ గడువు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. తన పేర కొత్త పాలసీ తీసుకోవాలి.

కూర్చోగానే తన బాధ వెళ్ళబోసుకున్నాడు. "అయ్యగారూ, పధ్నాలుగేళ్ళు బండి తోలాను. రోడ్డు మీద ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదు. నాకు నో క్లెయిం బోనస్ సున్నా అంటున్నారు. ఇదేం న్యాయమండీ?"

అతని బాధలో అర్థం లేకపోలేదు. కాని పద్ధతి ఏమిటంటే ఈ బోనస్ స్టీరింగు పట్టిన చేతికి కాదు, పాలసీ ఎవరి పేర ఉందో వారికి వస్తుంది. ఒక సంవత్సరం క్లెయిం అడగకుండా గడిస్తే 20 శాతం, వరుసగా రెండేళ్ళు గడిస్తే 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50 శాతం తగ్గింపు ఇస్తారు. మధ్యలో ఒక్క క్లెయిం తీసుకుంటే మళ్ళీ సున్నా నుండి మొదలు. ఈ సహోదరుడు జాగ్రత్తగా నడిపినందుకు పధ్నాలుగేళ్ళూ బోనస్ పొందినవారు ఆ బండ్ల యజమానులు. తన పేర ఎన్నడూ పాలసీ లేదు గనుక, కంపెనీ లెక్కలో అతడు నిన్న స్టీరింగు పట్టినవాడితో సమానం.

గత చరిత్రను బట్టి బాధ్యతను లెక్కించడం ఇప్పుడు పుట్టిన ఆలోచన కాదు. నిర్గమకాండము 21వ అధ్యాయం చదవండి. ఎద్దు మనిషిని పొడిచి చంపినప్పుడు, దానికి మునుపు పొడిచే అలవాటు ఉన్నదా, యజమానికి ఆ సంగతి ఎవరైనా చెప్పి హెచ్చరించారా అని ధర్మశాస్త్రము విచారిస్తుంది. అలవాటు లేని ఎద్దు యజమానికి ఒక తీర్పు, తెలిసి కూడా కట్టివేయని యజమానికి మరొక తీర్పు. బండి విషయంలోనూ చరిత్ర చూడటం తప్పు కాదు. చిక్కల్లా, చరిత్ర అంతా మంచిదై ఉండి కూడా కాగితం మీద లేనివాడికే.

ఒక అబద్ధపు దారి

బీమా చేయించే మధ్యవర్తి ఒక ఉపాయం చెప్పాడట. "పాత యజమానికి మూడేళ్ళ బోనస్ 35 శాతం వచ్చి ఉంది. మీకే వచ్చినట్టు ఫారంలో రాసేద్దాం. ఎవరు చూస్తారు?" ఆ బండి సొంత నష్టానికి ప్రీమియం 6,000 రూపాయలు. అందులో 35 శాతమంటే 2,100 రూపాయలు మిగులుతాయి.

ఇది చూడటానికి చిన్న అబద్ధమే. కాని పాత యజమాని బోనస్ కొన్నవారికి రాదు. అది అమ్మినవారిది. వారు మరో కారు కొనుక్కుంటే తమతో తీసుకుపోవచ్చు. కొన్నవారు తమ బోనస్ అని సంతకం చేసి, ప్రమాదం జరిగాక కంపెనీ పాత కంపెనీని విచారిస్తే, సొంత నష్టం భాగంలో రావలసిన పరిహారం మొత్తం పోగొట్టుకోవలసి వస్తుంది. ఆ షరతు ప్రపోజల్ ఫారంలోని ప్రకటనలోనే ఉంటుంది. దొంగ త్రాసు దేవునికి ఎంత అసహ్యమో సామెతల గ్రంథం పదకొండవ అధ్యాయం మొదటి మాటలోనే తెలుపుతుంది. తప్పుడు ఫారం కూడా ఒక దొంగ త్రాసే.

దేవునికి స్తోత్రము, ఆ సహోదరుడు అప్పటికే "అబద్ధం రాయను" అని తేల్చి చెప్పి వచ్చాడు. అయితే ప్రీమియం తగ్గించుకునే నిజాయితీ గల దారి ఏదైనా ఉందా అని మమ్మల్ని అడిగాడు. మేము కాగితాలన్నీ తిరగేశాము. ఒక దారి కనబడింది. అక్కడే మేము పొరపాటు చేశాము.

డిడక్టిబుల్ అంటే ఏమిటి?

మీ పాలసీ కాగితం తీసి చూడండి. కంపల్సరీ డిడక్టిబుల్ అని ఒక మాట ఉంటుంది. బండికి దెబ్బ తగిలినప్పుడు ఒప్పుకున్న నష్టంలో మొదటి కొంత సొమ్ము యజమానే భరించాలని దాని భావం. 1,500 సీసీ వరకు కార్లకు ఇది 1,000 రూపాయలు, ఆ పైన 2,000, ద్విచక్ర వాహనాలకు 100. ఇది అందరికీ తప్పనిసరి.

దాని పక్కనే వాలంటరీ డిడక్టిబుల్ అని మరొకటి ఉంటుంది. "నేను ఇంకొంత భరిస్తాను, నాకు ప్రీమియం తగ్గించండి" అని మనంతట మనం ఒప్పుకునేది. 2002లో వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్ కార్లకు ఈ లెక్క పెట్టింది: 2,500 రూపాయలు ఒప్పుకుంటే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, అది 750కి మించదు. 5,000 ఒప్పుకుంటే 25 శాతం, 1,500కి మించదు. 7,500కి 30 శాతం, 2,000కి మించదు. 15,000కి 35 శాతం, 2,500కి మించదు. 2007 జనవరి నుండి సొంత నష్టం ధరలు నిర్ణయించుకునే స్వేచ్ఛ కంపెనీలకు వచ్చింది గనుక తగ్గింపు కంపెనీని బట్టి మారవచ్చు. అడిగి తెలుసుకోవాలి.

15,000 ఒప్పుకుంటే 35 శాతం! అనగా అదే 2,100 రూపాయలు! అబద్ధం చెప్పితే మిగిలే సొమ్ము నిజం చెప్పి కూడా మిగుల్చుకోవచ్చునని మాకెంతో సంతోషం కలిగింది. "చూశావా బాబూ, దేవుడు యథార్థవంతునికి దారి చూపించాడు" అన్నాము. అతడు అలాగే తీసుకున్నాడు. కలిసి ప్రార్థన చేసి పంపించాము. అబద్ధము నుండి తప్పించుకున్నాము గాని తొందరపాటు నుండి తప్పించుకోలేదు.

గోపురం కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పాడు కదా. మేము మిగిలే సొమ్మునే లెక్క చూశాము. భరించవలసిన 15,000 ఆ ఇంట్లో ఉన్నదా అని ఒక్క మాట అడగలేదు.

ఆ రాత్రి

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక రాత్రి పక్క ఊరిలో ప్రార్థన కూటము ముగించుకొని కుటుంబంతో తిరిగి వస్తుండగా చీకట్లో ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు వేసినా బండి ఆగలేదు. దేవుని కృప వలన పిల్లలకు గాని, గేదెకు గాని పెద్ద గాయాలు కాలేదు. కాని కారు ముందు భాగం నుజ్జయింది.

షెడ్డులో బిల్లు 24,000 వేశారు. అందులో కూలి 6,000. బంపరు, లైట్లు మొదలైన ప్లాస్టిక్ సామాను 6,000. రేడియేటరు, బానెట్టు మొదలైన లోహపు సామాను 12,000. ప్లాస్టిక్ సామానుకు సగం ధరే ఒప్పుకుంటారు గనుక 3,000 పోయింది. బండికి మూడేళ్ళు దాటాయి గనుక లోహపు సామానులో 25 శాతం తరుగు, మరొక 3,000. ఒప్పుకున్న నష్టం 18,000. అందులో తప్పనిసరి 1,000, మన ఇష్టంతో ఒప్పుకున్న 15,000, కలిపి 16,000 తీసివేస్తే చేతికి వచ్చేది 2,000 రూపాయలు!

ఆ రెండు వేలు తీసుకుంటే, ఏడాది చివర రాబోయే మొదటి 20 శాతం బోనస్ పోతుంది. రాబోయే అయిదేళ్ళలో వెనుకబడే బోనస్ అంతా కలిపి చూస్తే సుమారు 1,950 రూపాయలు తేలింది. అంటే ఒక చేత్తో తీసుకొని మరో చేత్తో ఇవ్వడమే. అందుచేత అతడు క్లెయిం పెట్టనే లేదు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బండి విడిపించుకున్నాడు.

ఈ సంగతి మాకు మూడు వారాల తరువాత, అదీ అతని భార్య మా ఇంటివారితో చెప్పగా తెలిసింది. ఆ రాత్రి మేము కాగితం, కలము తీసుకొని ముందే వేసి ఉండవలసిన లెక్క వేశాము. 15,000కు బదులు 5,000 ఒప్పుకొని ఉంటే ప్రీమియంలో 2,100కు బదులు 1,500 మిగిలేవి. తేడా 600 రూపాయలే. కాని ప్రమాదం నాడు 12,000 చేతికి వచ్చేవి. ఆరు వందల కోసం పది వేల బరువును అతని నెత్తిన పెట్టించాము. 15,000 మినహాయింపు వలన నష్టం లేకుండా ఉండాలంటే ఆ బండికి ఏడేళ్ళకు పైగా దెబ్బ తగలకూడదు. 5,000 మినహాయింపుకైతే మూడేళ్ళ నాలుగు నెలలు చాలును.

మరునాడు వారి ఇంటికి వెళ్ళాము. "బాబూ, మా సలహా తప్పు. క్షమించు" అన్నాము. అతడు తల వంచుకొని, "అలా అనకండి అయ్యగారూ. మీరు చెప్పారనే కాదు, డబ్బులు మిగులుతాయని నేనూ ఆశపడ్డాను" అన్నాడు. మేము 5,000 ఇవ్వబోతే ఊరికే తీసుకోనన్నాడు. చేబదులుగా తీసుకొని పంట డబ్బులు రాగానే తెచ్చి ఇచ్చాడు. సంఘ పెద్దలు ఇద్దరు మిగిలిన అప్పును వడ్డీ లేకుండా సర్దారు. వడ్డీ వ్యాపారి కాగితం ఆ నెలలోనే చింపివేయబడింది.

రెండు రకాల బరువులు

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో మాకు ఎప్పుడూ సందేహంగా ఉండే రెండు మాటలున్నాయి. రెండవ వచనంలో ఒకరి భారాన్ని మరొకరు మోయాలని పౌలు బోధిస్తాడు. అయిదవ వచనంలో ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. ఇవి ఒకదానికొకటి విరుద్ధం కావా? గ్రీకు మూలంలో ఈ రెండు చోట్ల రెండు వేర్వేరు పదాలున్నాయి. మొదటిది బారోస్, మనిషిని క్రుంగదీసే భారం. రెండవది ఫోర్తియోన్, ఎవరికి వారు మోయదగిన మూట.

బీమా సంగతి అర్థమయ్యాక ఈ వాక్యము మాకు మరింత స్పష్టమయింది. ఇల్లు కూలిపోయేంత నష్టాన్ని నలుగురూ కలిసి మోయడానికే బీమా. మనం మోయగలిగిన చిన్న మూటను మనమే మోయడం డిడక్టిబుల్. చిన్న గీతలకు, సొట్టలకు క్లెయిం పెట్టకుండా మనమే బాగుచేయించుకుంటే బోనస్ నిలుస్తుంది. కాని మోయలేని భారాన్ని మూట అనుకొని ఎత్తుకోవడం వివేకం కాదు.

బీమా చేయించుకోవడం అవిశ్వాసమని కొందరు విశ్వాసులు నేటికీ అంటుంటారు. స్కాట్లాండులో 1744లో సంఘ కాపరుల విధవలు, అనాథలైన పిల్లల కోసం ఒక నిధి ఏర్పడింది. దాని వెనుక ఉన్నవారు రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు ఎడింబరో కాపరులు. ఏటా ఎందరు కాపరులు మరణిస్తారు, ఎందరు విధవలు మిగులుతారు అని లెక్కలు కట్టి, కాపరులందరూ ఏటేటా చెల్లించే సొమ్ముతో ఆ కుటుంబాలను పోషించారు. గణిత పండితుడైన కోలిన్ మెక్లారిన్ ఆ లెక్కలలో సాయపడ్డాడు. వారు విశ్వాసం లేక అలా చేయలేదు. ప్రేమను క్రమపద్ధతిలో పెట్టారు.

పొరుగువాని కొరకు పిట్టగోడ

ఒక ముఖ్యమైన సంగతి. పైన చెప్పిన డిడక్టిబుల్, బోనస్ రెండూ మన బండి నష్టానికి సంబంధించినవే. మన బండి వలన ఇతరులకు గాయమైనా, ప్రాణం పోయినా పరిహారం ఇచ్చేది థర్డ్ పార్టీ బీమా. దానికి బోనస్ తగ్గింపు లేదు, మనం ఒప్పుకున్న డిడక్టిబుల్ వలన గాయపడినవారికి ఒక్క రూపాయి తగ్గదు. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. 2019 సవరణ తరువాత ఇది లేకుండా నడిపితే మొదటిసారి 2,000, మరొకసారి 4,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు. 2022 జూన్ 1 నుండి అమలైన ధరల ప్రకారం 1,000 నుండి 1,500 సీసీ కారుకు దీని ప్రీమియం సంవత్సరానికి 3,416 రూపాయలు, 75 నుండి 150 సీసీ మోటారు సైకిలుకు 714.

క్రొత్త ఇల్లు కట్టేవాడు ఎవరూ పడి చావకుండా మిద్దెకు పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. ఆ గోడ ఇంటి యజమాని కోసం కాదు, మిద్దె ఎక్కే పొరుగువాని కోసం. థర్డ్ పార్టీ బీమా అలాంటి పిట్టగోడ. అది లేకుండా ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ వేసే పరిహారం మన పొలం, ఇల్లు అమ్మి కట్టవలసి రావచ్చు. ఏమీ లేనివాడైతే చనిపోయినవారి పిల్లలకు దక్కేది శూన్యం.

సభలకు ట్రాక్టరు ట్రాలీలలో వెళ్ళే సంఘాలకు మరొక మాట. సరుకుల బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు తప్పనిసరి బీమా వర్తించదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. సంఘమంతటినీ ట్రాలీలో ఎక్కించే ముందు పెద్దలు ఆలోచించాలి. బస్సు మాట్లాడుకుంటే ఖర్చు కాస్త ఎక్కువే, కాని ప్రాణాలకు వెల లేదు.

విదేశాలలోని మన పిల్లలకు

నర్సులుగా, ఇంజనీర్లుగా బ్రిటన్‌కు వెళ్ళిన మన బిడ్డలు కొందరు ఉత్తరాలలో ఇదే బాధ వ్రాస్తుంటారు. అక్కడ డిడక్టిబుల్‌ను ఎక్సెస్ అంటారు. మన దేశపు లైసెన్సుతో అక్కడ స్థిరపడ్డాక 12 నెలల వరకు నడపవచ్చు. కాని ఇక్కడి బోనస్ చరిత్రను చాలా కంపెనీలు ఒప్పుకోవు గనుక క్రొత్త డ్రైవరుగానే లెక్కించి ఎక్కువ ప్రీమియం, ఎక్కువ ఎక్సెస్ వేస్తారు. ప్రీమియం తగ్గుతుందని ఇంకా పెద్ద ఎక్సెస్ ఎత్తుకునే ముందు, ఆ సొమ్ము బ్యాంకులో ఉన్నదా అని చూసుకొమ్మని వారికి వ్రాయండి.

జ్ఞాపకముంచుకోవలసినవి

1. ఎంత డిడక్టిబుల్ ఒప్పుకుంటారో అంత సొమ్ము ముందుగా పోస్టాఫీసులో గాని బ్యాంకులో గాని వేరుగా దాచండి. దాచలేకపోతే వాలంటరీ డిడక్టిబుల్ జోలికి పోవద్దు.

2. తగ్గింపు శాతం మాత్రమే చూడవద్దు. రూపాయలలో ఎంత మిగులుతుంది, ప్రమాదం నాడు ఎంత భరించాలి అని రెండూ పక్కపక్కన వ్రాసుకోండి.

3. పాలసీ గడువు ముగిశాక 90 రోజులలోపు మళ్ళీ కట్టకపోతే కూడబెట్టిన బోనస్ పోతుంది. ఆ మధ్య రోజులలో బీమా లేదు గనుక గడువుకు ముందే కట్టడం మేలు.

4. బండి అమ్మితే మీ బోనస్‌కు కంపెనీ నుండి లేఖ తీసుకోండి. మూడేళ్ళలోపు కొనే మరో బండికి అది పనికివస్తుంది.

5. పాత బండి కొంటే 14 రోజులలోపు పాలసీ మీ పేర మార్పించుకోండి. పాత యజమాని బోనస్ మీది కాదు, ఆ తేడా కట్టవలసి ఉంటుంది.

6. వివరాలు నింపని ఫారం మీద సంతకం చేయవద్దు. మధ్యవర్తి వ్రాసినా సంతకం మీదే, జవాబు చెప్పవలసినవారు మీరే.

ముగింపు

ఆ సహోదరుడు మరుసటి సంవత్సరం పాలసీని 5,000 డిడక్టిబుల్‌తో తీసుకున్నాడు. క్లెయిం పెట్టలేదు గనుక 20 శాతం బోనస్ వచ్చింది. కాగితం మా ఇంటికి తెచ్చి చూపించి, "పధ్నాలుగేళ్ళకు కాదు గాని, ఒక్క ఏడాదికైనా సాక్ష్యం దొరికింది అయ్యగారూ" అని నవ్వాడు. అతని భార్య నెలకు 500 చొప్పున పోస్టాఫీసులో వేస్తున్నది. ఇప్పటికి 5,000 దాటింది. ఆ పుస్తకం మీద "గేదె డబ్బు" అని పిల్లలు పెన్సిలుతో వ్రాశారట!

ప్రియులారా, మేము సలహా ఇవ్వడానికి ముందు లెక్క చూడడం నేర్చుకున్నాము. మీరు సంతకం చేయడానికి ముందు లెక్క చూడండి. మన సంఘములో ఎవరి బండి షెడ్డులో ఉన్నదో, ఎవరు వడ్డీకి వెళ్ళారో ఆదివారం ఆరాధన తరువాత ఒక్క మాట అడిగి తెలుసుకుందాము. మోయగలిగిన మూటను మోసుకునే బలాన్ని, మోయలేని భారాన్ని పంచుకునే సహోదర ప్రేమను ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.